నల్లా నంబర్లు, నా ముప్పై రోజులు

2 డిసెంబర్ 2002, సోమవారం

ఉదయం 4:30. లేచాను! అలారం మోగకముందే లేచాను! (అలారం పెట్టడం మర్చిపోయాను. బాపమ్మ దగ్గుకు మెలకువ వచ్చింది. అయినా లేవడం లేవడమే.)

ఎందుకు లేచానంటే: మొన్న శనివారం మార్కండేయ సార్ కాలేజీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ చదివే ఆడపిల్లలకు హైదరాబాద్‌లో ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తుందట. చదువు అయిపోయేదాకా ఫీజు, పుస్తకాలు, బస్ పాస్ అన్నీ వాళ్లవే. పీజీ చేస్తే దానికీ ఇస్తారట!

"అమ్మాయిలు కంప్యూటర్ కోర్సులో చేరుతున్నారు, మధ్యలో ఆగిపోతున్నారు. ఆగకుండా ఉండటానికే ఇది," అన్నారు సార్. మొదటి ఏడు మా క్లాసులో ముప్పై ఆరు మంది అమ్మాయిలం. ఇప్పుడు ఇరవై ఇద్దరం.

షరతు: మన చుట్టుపక్కల వాళ్లకు పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాయాలి. ప్రింటు, ఫ్లాపీ, ఒక పేజీ ఉత్తరం. డిసెంబర్ 31 లోపు చేరాలి.

ఆగిపోయే పదిహేనో అమ్మాయిని నేనే అయ్యే ప్రమాదం ఉంది. అమ్మ నాకు బీడీ కార్డు ఇప్పిస్తోంది. మా బోధన్‌లో ఆడపిల్ల పేరు మీద కార్ఖానా కార్డు ఉంటే గవర్నమెంటు నౌకరీ వచ్చినంత లెక్క. పీఎఫ్ ఉంటుంది, ముసలితనంలో పింఛను ఉంటుంది. ఎనిమిది నెలలుగా అమ్మ తన బీడీలతో పాటు నా పేరు మీద కూడా చేసి అప్పగిస్తోంది. ఫిబ్రవరిలో కార్డు వస్తుందట. వస్తే రోజూ ఇంట్లో కూర్చుని బీడీలు చేయాలి. ఇక కాలేజీ ఎక్కడిది?

"బీడీ కార్డొద్దు" అని అమ్మతో అనే ధైర్యం నాకు లేదు. స్కాలర్‌షిప్ వస్తే ఆ మాట అదే చెబుతుంది. కాబట్టి నియమాలు:

ఒకటి, రోజూ 4:30కి లేవాలి, రెండు గంటలు సి లాంగ్వేజీ. రెండు, బీడీల చాట ముట్టుకోకూడదు. మూడు, టీవీ సీరియల్ చూడకూడదు. నాలుగు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు. ఐదు, బస్సులో నా క్లాసు రాధాబాయితో ఇంగ్లీషులోనే మాట్లాడాలి.

ముప్పై రోజులు. ముప్పై రోజులే!

3 డిసెంబర్, మంగళవారం

4:30. లేచాను. 4:40. పుస్తకం తెరిచాను. 4:45. అమ్మ చూసింది.

"లేసినవ్ గదా. ఊకె కూసునుడెందుకు? బిందె పట్టుకొని నల్లాకాడికి పో."

పోయాను. మా గల్లీలో పద్నాలుగు ఇళ్లకు ఒకటే నల్లా. నీళ్లు ఐదున్నరకు వస్తాయి, ఒక గంట ఉంటాయి. కొన్నిసార్లు అరగంటే. చీకట్లోనే బిందెలు వరుసగా పెట్టి పోతారు, తిరిగి వచ్చేసరికి వరుస మారిపోతుంది. ఈరోజు పక్కింటి పెంటవ్వ బిందె వెనక్కి జరిగింది. ఆమె గొంతుకు కుక్కలు కూడా పక్క గల్లీకి వెళ్లిపోయాయి.

"నా బిందెకు కాళ్లొచ్చినయా? ఎవలు జరిపిర్రు? సెప్పుర్రి!"

ఆ గొడవ మధ్యలో నాకు మెరుపులా తట్టింది. నల్లా నంబర్లు! ఏరోజు ఎవరు ముందు, ఎవరు వెనక అని కంప్యూటర్ చెబితే? పద్నాలుగు పేర్లు. ఈరోజు మొదట ఉన్నవాళ్లు రేపు చివరికి. మిగతావాళ్లు ఒక మెట్టు ముందుకు. అంతే!

చదువు అయిదు నిమిషాలే అయింది. కానీ ఐడియా వచ్చింది. ఐడియా రెండు గంటలతో సమానం అని లెక్క రాసుకున్నాను.

5 డిసెంబర్, గురువారం

8:10. బస్సు. ముందు చెరుకు బండ్లు, వాటి ముందు ఇంకా చెరుకు బండ్లు. చక్కెర ఫ్యాక్టరీ గానుగ మొదలైందంటే బోధన్ రోడ్డు మీద బస్సు ఎద్దుల వెనకే నడవాలి. రాధాబాయితో ఇంగ్లీషు మొదలుపెట్టాను. "టుడే సో మెనీ షుగర్‌కేన్," అన్నాను. "యెస్," అంది. తర్వాత ఇద్దరికీ మాటలు దొరకలేదు. కిటికీలోంచి చేయి పెట్టి ఒక గడ లాగాం. చెరుకు నములుతూ ఇంగ్లీషు మాట్లాడటం ఎవరికైనా కష్టమే.

ల్యాబ్‌లో ఎనిమిది కంప్యూటర్లు. నడిచేవి నాలుగు. ఒక్కో దానికి అయిదారుగురం. నాకు కీబోర్డు దొరికింది పన్నెండు నిమిషాలు.

సాయంత్రం బాపమ్మ అడిగింది. బాపమ్మ అంటే బాపు వాళ్లమ్మ, పేరు భూమవ్వ. కంప్యూటర్ గురించి ఆమెకున్నంత ఆసక్తి మా క్లాసులో ఎవరికీ లేదు.

"కంప్యూటర్ కాడికి సెప్పులిడిసి పోవాల్నా బిడ్డా? లోపట దేవుడున్నడా?"

"దేవుడు లేడు బాపమ్మా, ఏసీ ఉంది. కంప్యూటర్‌కు చల్లగా ఉండాలి. వేడి తగిలితే పాడైపోతుంది."

"అయ్యో పాపం," అంది.

8 డిసెంబర్, ఆదివారం

నిన్న రంజాన్, ఈరోజు ఆదివారం, ల్యాబ్ బంద్. కాబట్టి విశ్రాంతి. (పండుగ మాది కాదు. సేమ్యా మాత్రం మాకూ వచ్చింది.)

4:30. అలారం మోగింది. దాన్ని దిండు కింద పెట్టాను. అక్కడ కూడా మోగింది. ఇంత మొండి గడియారాన్ని ఎక్కడా చూడలేదు.

మధ్యాహ్నం నోట్‌బుక్ ముందు గంటసేపు కూర్చున్నాను. మొదటి మనిషిని చివరికి పంపితే మిగతా పదమూడు మంది ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. ఒక పేరు మాయమవుతోంది, ఇంకో పేరు రెండుసార్లు వస్తోంది. బుర్ర పనిచేయలేదు. అమ్మ, బాపమ్మ, పెంటవ్వ అరుగు మీద బీడీలు చేస్తున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. చాట ముట్టుకోలేదు. ఒక ఆకు మాత్రం ముట్టుకున్నాను. ఆకు చేతిలోకి వచ్చాక తంబాకు పెట్టక తప్పదు, పెట్టాక చుట్టక తప్పదు.

సగం కట్ట అయ్యేసరికి దారి దొరికింది! మొదటి మనిషిని ముందు పక్కన కూర్చోబెట్టాలి, అందరినీ జరపాలి, ఆ తర్వాత ఆమెను తీసుకొచ్చి చివర పెట్టాలి. నా చేతులు కదిలితేనే నా బుర్ర కదులుతుందని తెలిసింది. ఇది శాస్త్రీయమైన విషయం. రెండో నియమానికి చిన్న సవరణ: రోజుకు ఒక్క కట్ట, ఆలోచన కోసం మాత్రమే.

సాయంత్రం సీరియల్ ఒక్క భాగం చూశాను. గురువారం హీరోయిన్ మెట్ల మీద నుంచి పడింది. బతికిందా లేదా తెలియకపోతే ఏకాగ్రత ఉండదు.

11 డిసెంబర్, బుధవారం

నడిచింది! ప్రోగ్రాం నడిచింది!! తేదీ ఇస్తే పద్నాలుగు పేర్లు వరుసగా వచ్చాయి. ఏ పేరూ మాయం కాలేదు. రాధాబాయి తన ఫ్లాపీ ఇచ్చింది, అందులో దాచాను. సార్ ప్రింటర్ ఇచ్చారు. అది చేసే చప్పుడు చెరుకు గానుగ చప్పుడే.

ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చాను. చూపించకుండా ఎలా ఉండగలను? నాలుగో నియమం సగమే తప్పాను. స్కాలర్‌షిప్ మాట చెప్పలేదు, ప్రోగ్రాం మాట మాత్రం చెప్పాను. కాగితాన్ని నల్లా పక్క గోడకు అన్నంతో అతికించాను.

12 డిసెంబర్, గురువారం

పొద్దున 5:30. గల్లీ అంతా నల్లా దగ్గర. నేను గర్వంగా నిలబడి చదివాను. మొదటి నంబర్: అంజవ్వ.

అంజవ్వ అంటే మా అమ్మ.

పెంటవ్వ నడుం మీద చేయి పెట్టుకుంది. "ఆహా. నీ కంప్యూటర్ గూడ మీ అమ్మ దిక్కే ఉన్నదా?"

ఇంగ్లీషు అక్షరాల వరుసలో పేర్లు ఇచ్చాను, 'ఏ' ముందు వస్తుందని చెప్పాను.

"ఏ ఎందుకు ముందట? నన్నెందుకు ముందట పెట్టలే?"

పెంటవ్వకు పదకొండో నంబర్ వచ్చింది. పదో బిందె నిండుతుండగా నీళ్లు ఆగిపోయాయి. తర్వాత జరిగింది రాయను. కాగితం మాత్రం మురుగు మోరీలో పడింది. అమ్మ ఆ తగాదాలో నా వైపే మాట్లాడింది, ఇంటికి వచ్చాక నన్ను తిట్టింది.

14 డిసెంబర్, శనివారం

పెంటవ్వ సాయంత్రం తనే వచ్చింది. కోపం రెండు రోజులకు మించి ఉంచుకోదు. చాట ఒళ్లో పెట్టుకుని అంది:

"నీ లెక్క మంచిగనే ఉన్నది పిల్లా. కని దానికి మనుషులు తెల్వరు. కాన్పైన ఇల్లుంటె ఏం జేస్తది?"

నేను ఆలోచించలేదు.

"సావైన ఇల్లుంటె?"

అదీ ఆలోచించలేదు.

"లగ్గం ఇంటోళ్లకు రెండు బిందెలు ఎక్కువ గావాలె గదా?"

నోట్‌బుక్ తెచ్చుకున్నాను. తర్వాత చాట కూడా తెచ్చుకున్నాను, ఎందుకంటే ఆలోచన చాలా ఎక్కువగా ఉంది. మూడు కట్టలు అయ్యాయి, నోట్‌బుక్‌లో ఒక్క లైనూ పడలేదు.

17 డిసెంబర్, మంగళవారం

6:40. లేచాను. నియమం మార్చాను: ఎన్నింటికి లేచామన్నది కాదు, లేచాక ఏం చేశామన్నది ముఖ్యం. లేచాక టీ తాగాను.

కొత్త పద్ధతులు నోట్‌బుక్‌లో ఎక్కించడం మానేశాను. అసలైన ప్రోగ్రామర్లు కాగితం మీద రాయరట, నేరుగా కంప్యూటర్‌లోనే కొడతారట. రాధాబాయి వాళ్ల అన్న చెప్పాడు. నేను కూడా సాయంత్రం అరుగు మీద విని, పొద్దున ల్యాబ్‌లో నేరుగా టైప్ చేస్తున్నాను. సాయంత్రం మళ్లీ వాళ్లకు వినిపిస్తున్నాను. "ఒకవేళ కాన్పైన ఇల్లుంటే ఇలా, లేకపోతే అలా" అని. ముగ్గురూ బీడీలు చేస్తూ సీరియల్ విన్నట్టు వింటున్నారు. నిన్న కరెంటు పోతే సీరియల్ బదులు ఇదే చెప్పమన్నారు.

ఇంగ్లీషు: ఈ వారం బస్సులో మాట్లాడిన వాక్యాలు రెండు. రెండూ కండక్టర్‌తో.

21 డిసెంబర్, శనివారం

అయిపోయింది! అయిదు పద్ధతులూ ఎక్కాయి. తప్పు లేకుండా నడిచింది. సార్ వెనక నిలబడి చూసి, "కాన్పుల సంగతి కూడా పెట్టావా!" అని నవ్వారు. ల్యాబ్ కంప్యూటర్‌లో వదిలితే ఎవరో ఒకరు చెరిపేస్తారు. ఫ్లాపీలో దాచి ఇంటికి తెచ్చాను. సోమవారం ప్రింటు, మంగళవారం కొరియర్. ఇంకా పది రోజులు ఉన్నాయి. నాలాంటి క్రమశిక్షణ ఎవరికైనా ఉంటుందా?

ఉత్తరం కూడా రాశాను. "భారతదేశం ప్రగతి పథంలో దూసుకుపోవుటకు" అని మొదలుపెట్టాను. బాగుంది.

ఫ్లాపీ బాపమ్మ చేతిలో పెట్టి చూపించాను. "గింత పల్సటి దాంట్ల మన గల్లంత వట్టిందా?" అంది. జాగ్రత్తగా పెట్టమని ఆమెకే ఇచ్చాను. ఇంట్లో ఏదీ పోగొట్టని మనిషి ఆమె ఒక్కతే.

23 డిసెంబర్, సోమవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

7:30. "బాపమ్మా, ఫ్లాపీ ఇవ్వు." బాపమ్మ సంబరంగా లేచింది. బీడీ ఆకుల మూట దగ్గరికి వెళ్లింది. ఆకులు నానబెట్టి తడి గోనెసంచిలో చుట్టి ఉంచుతాం, మెత్తగా ఉండాలని. ఆ గోనె విప్పింది. ఆకులు పక్కకు తీసింది. నడిమధ్యలో, రెండు తడి ఆకుల మధ్య, నా ఫ్లాపీ.

"సల్లగుండాలన్నవ్ గదా బిడ్డా. మనింట్ల ఏసీ లేకపాయె. నిన్న రెండుసార్లు నీళ్లు గూడ సల్లిన."

తిట్టడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూశాను. వేడి తగిలితే పాడవుతుందని చెప్పింది నేనే. నీళ్లు తగిలితే పాడవుతుందని చెప్పలేదు.

11:00. ల్యాబ్. సార్ ఫ్లాపీని తుడిచారు, ఫ్యాను కింద ఆరబెట్టారు, పెట్టి చూశారు. కంప్యూటర్ గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు గురగురలాడింది. ఏమీ రాలేదు. ల్యాబ్‌లో కాపీ? చెరిపేశారు. నోట్‌బుక్? పెంటవ్వ తగాదా నాటి పాతది మాత్రమే ఉంది. అసలైన ప్రోగ్రామర్లు కాగితం మీద రాయరు కదా.

"ల్యాబ్ ఇరవై ఏడు వరకే తెరిచి ఉంటుంది శంకరమ్మా. తర్వాత సెలవులు. మళ్లీ రాయగలవా?" అన్నారు సార్. "రాయలేను సార్," అన్నాను. ఏ పద్ధతి తర్వాత ఏ పద్ధతి పెట్టానో కూడా గుర్తు లేదు.

సాయంత్రం అరుగు మీద ఏడ్చాను. బాపమ్మ తల పట్టుకుని కూర్చుంది. అమ్మ అడిగింది, "పోతే పోయింది. మల్ల రాసుకోరాదు. గంత ఏడుపెందుకు?" అప్పుడు చెప్పేశాను. స్కాలర్‌షిప్, 31 తారీఖు, అన్నీ. కార్డు వస్తే చదువు ఆగిపోతుందని భయపడి దాచానని కూడా.

అమ్మ చేతులు ఆగాయి. బీడీలు చేస్తుండగా అమ్మ చేతులు ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎనిమిది నెల్ల సంది నీ పేరు మీద జేస్తున్న. కార్డ్ నీకు గంత బరువైందా? నోటితోని ఒక్క మాట సెప్పకపోతివి."

అమ్మ మళ్లీ ఆకు తీసుకుంది. పెంటవ్వకు మౌనం పడదు. ఆమే మొదలుపెట్టింది.

"ఏడుపాపి బుక్కు తే. మొదలు మొదలు పద్నాలుగు పేర్లు అడుగుతది. ఆ తర్వాత తారీఖడుగుతది. అవునా?"

"అవును," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"ఆ ఎన్క కాన్పైన ఇల్లున్నదా అని జూస్తది," అంది బాపమ్మ. "ఉంటె ఇరవయ్యొక్క దినాలు ఆమెకే మొదటి నంబర్."

"ఇద్దరు కాన్పైతె?" అని పెంటవ్వ.

"ఎవలు ముందుగాల కంటె ఆమెనే. గది సుత మనం జెప్పినమే!"

రాశాను. చేయి ఆగకుండా రాశాను. వాళ్లకు సీరియల్ కథ పదేళ్లనాటిది కూడా గుర్తుంటుంది, ఈ కథ వారం క్రితందే కదా. చావైన ఇల్లు: పది రోజులు వాళ్లు రానక్కర్లేదు, పక్కింటివాళ్లు వాళ్ల బిందె నింపాలి. లగ్గం ఇల్లు: మూడు రోజులు రెండు నంబర్లు. నల్లా రాని రోజు: ఎవరి నంబరూ మారదు. నాలుగు అయ్యాయి. అయిదోది ఎవరికీ గుర్తు రాలేదు. నాకు కూడా. పెంటవ్వ మాట సీరియల్‌లో మెట్ల మీద నుంచి పడినామె దగ్గరికి వెళ్లిపోయింది.

అమ్మ తల ఎత్తకుండానే అంది:

"నీళ్లు నడుమ ఆగితె. ఎవలి బిందె సగం నిండిందో ఆమెనే రేపు మొదలు."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూడలేదు. "రాసుకో. నా మొఖంల ఏమున్నది?" అంది.

24 డిసెంబర్, మంగళవారం

ల్యాబ్. క్రిస్మస్ ముందు రోజు, ఎవరూ రాలేదు. కీబోర్డు మొత్తం నాదే! రాధాబాయి నోట్‌బుక్ చదివింది, నేను కొట్టాను. నా వేళ్ల వేగం చూసి సార్ ఆశ్చర్యపోయారు. రోజుకు వెయ్యి బీడీలు చేసే ఇంట్లో పుట్టిన వేళ్లు సార్ ఇవి.

తప్పులు: 31. కరెంటు పోయింది: 2 సార్లు. రెండోసారి ఏడవలేదు, ప్రతి అయిదు నిమిషాలకు దాస్తున్నాను.

27 డిసెంబర్, శుక్రవారం

12:20. నడిచింది. 1:00. ప్రింటు. ఫ్లాపీలు రెండు. రెండూ పొడిగా ఉన్నాయి.

ప్రగతి పథం ఉత్తరం చింపేశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను: నల్లా, గోనెసంచి, అరుగు. సొంతంగా రాయాలన్నారు కదా, భయం వేసింది. అయినా కింద రాశాను. "ప్రోగ్రాం రాసినది: శంకరమ్మ. పద్ధతులు చెప్పినవారు: పెంటవ్వ, భూమవ్వ, అంజవ్వ." సార్ చదివి, "ఇది పెట్టాలా?" అన్నారు. "పెట్టకపోతే గల్లీలో తిరగలేను సార్," అన్నాను. 3:15. కొరియర్.

31 డిసెంబర్, మంగళవారం

ముప్పై రోజుల లెక్క. 4:30కి లేచినది: 3 సార్లు (ఒకటి దగ్గు వల్ల). చాట ముట్టుకోని రోజులు: 8. సీరియల్: ఒక్క భాగం కూడా పోలేదు, ఆమె బతికింది. ఇంట్లో చెప్పకూడదన్నది: గల్లీ మొత్తానికి తెలుసు. ఇంగ్లీషు: ఉంది, తక్కువ.

ఇలాంటి మనిషికి స్కాలర్‌షిప్ ఇస్తారా? నేనైతే ఇవ్వను.

8 ఫిబ్రవరి 2003, శనివారం

ఇంతవరకు ఉత్తరం లేదు. కార్ఖానాకు మా దగ్గర బీడీలు తీసుకునే టేకేదారు భీమన్న వచ్చి, ఈరోజు ఫొటోలతో రాకపోతే ఈ కార్డు నంబర్ ఇంకొకరికి పోతుందని చెప్పాడు. అమ్మ నా వైపు చూసింది. "ఏం జేస్తవ్? నువ్వే సెప్పు," అంది. మొదటిసారి నన్ను అడిగింది. నేను ఫొటోలు తీసుకుని వెంట నడిచాను. ఉత్తరం ఇక రాదని అనిపించాక ఇంకేం చెబుతాను?

కార్డు వచ్చింది. అందులో నా పేరు, నా ఫొటో. అమ్మ దాన్ని కొంగుతో మూడుసార్లు తుడిచింది. బాపు చక్కెర ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆయన చేతికి ఇచ్చింది. ఆయన సంతోషంగా అందరి నోట్లో చక్కెర పోశాడు. నాకు కొంచెం ఏడుపు వచ్చింది. చక్కెర నోట్లో ఉంచుకుని ఏడిస్తే ఎవరికీ తెలియదు.

12 ఫిబ్రవరి, బుధవారం

వచ్చింది!!! ఉత్తరం!!!

ఎంపికయ్యాను. రాష్ట్రం మొత్తంలో నలభై మంది, నేను ఒకదాన్ని. రాధాబాయి బస్సులో ఎగిరితే కండక్టర్ ఇద్దరినీ తిట్టాడు. "ఆ మూడు పేర్లు చదివి నవ్వుకుని ఇచ్చి ఉంటారే," అంది. నవ్వుకుని ఇస్తే ఏంటి, ఇచ్చారు కదా!

ఇంట్లో అందరి ముందూ ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. బాపమ్మ నా తలను రెండు చేతులతో పట్టుకుని మెటికలు విరిచింది. పెంటవ్వ తన పేరు ఉత్తరంలో ఎక్కడుందో చూపించమంది.

చివరి రెండు లైన్లు మాత్రం వాళ్లకు చదవలేదు. "విద్యార్థిని పేరు మీద ఎక్కడా ఉద్యోగ నమోదు ఉండకూడదు. ఉంటే స్కాలర్‌షిప్ రద్దు." కార్డు పెట్టెలో ఉంది. నాలుగు రోజుల క్రితమే వచ్చింది. బోధన్‌లో కార్డు ఉంటే హైదరాబాద్‌లో ఎవరికి తెలుస్తుంది?

14 ఫిబ్రవరి, శుక్రవారం

ఉత్తరంతో పాటు, నా పేరు మీద ఏ నమోదూ లేదని సంతకం పెట్టాల్సిన కాగితం ఉంది. పెన్ను మూడుసార్లు తీశాను. దాచి చేసిన పని ఒకసారి చాలు అనిపించింది.

సాయంత్రం అరుగు మీద ఆ రెండు లైన్లు అమ్మకు చదివి వినిపించాను. "కార్డు ఉంటే చదువు లేదు. చదువు ఉంటే కార్డు లేదు," అన్నాను. అమ్మ కట్ట కట్టి పక్కన పెట్టింది.

15 ఫిబ్రవరి, శనివారం

పొద్దున అమ్మ పెట్టె తీసింది, కార్డు తీసుకుంది, వెళ్లింది. పదింటికి తిరిగి వచ్చింది. చేతిలో కార్డు లేదు.

"ఏమైంది?"

"ఇచ్చేసిన. పెంటవ్వ కోడలి పేరు సెప్పిన, ఆ నంబర్ ఆమెకిస్తరు."

"భీమన్న ఏమన్నడు?"

"పిచ్చిదానివా అన్నడు. అవునన్న."

నేను అమ్మను పట్టుకుని ఏడ్చాను. ఈసారి దాచుకోవడానికి చక్కెర లేదు. "పది నెల్లు చేసినవ్ కదా," అన్నాను.

"సేసిన. ఆ బీడీలు ఎవలో తాగిర్రు, పోయినయ్. పొగకేడుస్తమా? పో, మొఖం కడుక్కో."

17 ఫిబ్రవరి, సోమవారం. మొదటి రోజు.

ఉదయం 4:30. లేచాను. కాదు, అమ్మ దుప్పటి లాగేసింది.

కొత్త నియమాలు. ఒకటి, రోజూ 4:30, రెండు గంటలు. రెండు, చాట ముట్టుకోకూడదు. ఇది అమ్మ పెట్టింది. "ఆలోసన గావాలంటె సేతులు కట్టుకొని ఆలోసించు," అంది. మూడు, సీరియల్ పరీక్షల తర్వాతే. నాలుగు, ఏదీ దాచకూడదు. ఐదు, ఇంగ్లీషు, ఈసారి నిజంగా.

డిసెంబర్‌లో నియమం తప్పితే పెద్దగా పోయేదేమీ లేదు. చదువు ఆగినా కార్డు ఉంటుందని ఎక్కడో లోపల ధైర్యం ఉండేది. ఇప్పుడు నా పేరు మీద ఏ కార్డూ లేదు. అమ్మ దాన్ని పది నెలలు కష్టపడి సంపాదించి ఒక్క పూటలో ఇచ్చేసింది. భయంగా ఉంది. ఇంత సంతోషం కూడా ఎప్పుడూ లేదు.

5:05. పుస్తకం తెరిచాను. అమ్మ ఎదురుగా కూర్చుంది, కళ్లు నా మీదే. ఒకసారి కునికాను. వీపు మీద ఒకటి పడింది.

5:06. చదువుతున్నాను.